ఇంపాక్టా, బెబాస్ న్యూయా?

ఇరుకు చోటులో పెద్ద ఇంగ్లీషు శీర్షిక పట్టించాలంటే ఈ రెండు ఫాంట్లూ పనికొస్తాయి. జెఫ్రీ లీ గీసిన ఇంపాక్ట్ 1965లో లోహపు అచ్చుగా వచ్చింది. గీతలు ఎంత లావంటే, ఇంగ్లీషు చిన్నబడి (స్మాల్ లెటర్) ‘ఏ’ కడుపులో సన్నని చీలికే మిగులుతుంది. సైజు తగ్గిస్తే అదీ పూడిపోతుంది. కానీ ఫొటో మీద తెల్లని అక్షరాలకు నల్లని అంచు కట్టినా చెక్కుచెదరదు. మీమ్‌లు దాన్నే పట్టుకున్నాయి. అందుకే గంభీరమైన వార్తకు వాడితే నవ్వొస్తుంది!

ర్యోయిచి త్సునెకావా రూపొందించిన బెబాస్ న్యూ ఉచితం. గీతలు కాస్త సన్నం, లోపల గాలి ఆడుతుంది. చిన్నబడి అక్షరాలు లేవు, అన్నీ పెద్దబడే (క్యాపిటల్ లెటర్లే). కాబట్టి నాలుగు మాటలకు మించితే చదవడం కష్టం. పోస్టర్‌కైతే నా ఓటు దీనికే, అక్షరాల మధ్య ఎడం కొంచెం పెంచి.