14567 హెల్ప్‌లైన్ ఏడాదిన్నర వాడాక: ఇంట్లోవాళ్ళే పెద్దవాళ్ళ డబ్బు తీసేస్తుంటే ఏది పనికొచ్చింది

మా పెద్దమ్మకి 74, ఖమ్మంలో ఉంటుంది, పెదనాన్న టీచర్‌గా చేసి పోయాక ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. ఏటీఎం కార్డు వాళ్ళబ్బాయి దగ్గర, అకౌంట్‌కి లింక్ అయిన ఫోన్ నంబర్ కూడా వాడిదే. సంక్రాంతికి వెళ్తే బీపీ మాత్ర సగానికి విరిచి వేసుకుంటోంది, అదేంటి పెద్దమ్మా అంటే "నెలాఖరు దాకా రావాలి కదరా" అంది. అప్పుడు పాస్‌బుక్ ప్రింట్ వేయిస్తే తెలిసింది, పెన్షన్ పడిన రోజే పది వేలు, మర్నాడు ఇంకో పది వేలు, మిగిలేది వందల్లో, 14 నెలలు వరసగా అదే లెక్క.

ఆ రాత్రి నెట్‌లో వెతకడం మొదలుపెట్టా. ఏది కొట్టినా ఓటీపీ మోసాలు, కేవైసీ మోసాలు, సైబర్ మోసాల నంబర్ 1930కి కాల్ చేయండి అనే వస్తుంది. బయటివాడు ఆన్‌లైన్లో కొట్టేస్తే 1930 కరెక్టే, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది కూడా, కానీ కన్నకొడుకు ఏటీఎంలో తీసుకుంటుంటే ఎవరికి చెప్పాలో ఎక్కడా సూటిగా లేదు. ఒక లీగల్ హెల్ప్ సైట్‌లో నా నంబర్ ఇచ్చా, వారం రోజులు ఫోన్లు చేసి ఫీజు గురించి తప్ప ఇంకేం మాట్లాడలేదు.

చివరికి దొరికింది 14567, ఎల్డర్‌లైన్. కేంద్ర సామాజిక న్యాయ శాఖది, 2021 నుంచి దేశమంతా ఉంది, 60 దాటినవాళ్ళ కోసం, కాల్ ఫ్రీ, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా, తెలుగులోనే మాట్లాడారు. నాకు బాగా నచ్చిందేంటంటే నేను ఆవేశంగా కేసు కేసు అంటుంటే ఆ అమ్మాయి అంతా విని "అమ్మగారు ఏం కావాలంటున్నారండీ?" అని అడిగింది. నేనసలు పెద్దమ్మని అడగనేలేదు! పెద్దమ్మతో ఆ అమ్మాయిని విడిగా మాట్లాడించా, పక్కన ఎవరూ లేకుండా, అరగంట. పోలీసులు వద్దు, వాడి పరువు పోతుంది, నా పెన్షన్ నా చేతికొస్తే చాలు అంది.

దాంతో పని చిన్నదైపోయింది. పెద్దమ్మే బ్యాంకుకి వచ్చి కార్డు బ్లాక్ చేయించి, తన బటన్ ఫోన్ నంబర్ లింక్ చేయించుకుంది. అక్కడ ముందు "ఇంటి గొడవ మాకెందుకండీ" అన్నారు, అకౌంట్ ఆవిడ పేరు మీద ఉంది, ఆవిడే అడుగుతోంది అని గట్టిగా చెప్తే గానీ కదల్లేదు.

అప్పటికే ఇల్లు గిఫ్ట్ డీడ్ రాయమని కూడా అన్నయ్య అడుగుతున్నాడట, అది తెలిసి నాకు చెమటలు పట్టాయి. 2007 సీనియర్ సిటిజన్స్ చట్టం చట్టాలుండే ప్రభుత్వ సైట్ ఇండియా కోడ్‌లో చదివా, ఇంగ్లీషే, ఓపిక కావాలి, కానీ సెక్షన్ 23 మాత్రం ప్రతి ఇంట్లో తెలియాల్సింది. చూసుకుంటామనే షరతు మీద ఆస్తి రాయించుకుని తర్వాత చూడకపోతే ఆ రాత చెల్లదని ఈ చట్టం కింద అర్జీలు వినే ట్రిబ్యునల్ చెప్పొచ్చు, మన దగ్గర ట్రిబ్యునల్ అంటే ఆర్డీవోనే. ఆ షరతు ఉన్నట్టు చూపించాలని 2022లో సుప్రీంకోర్టు అంది, 2025 జనవరిలో ఇంకో కేసులో చట్టాన్ని పెద్దవాళ్ళకి మేలు జరిగేలా చదవాలని చెప్పి గిఫ్ట్ డీడ్ రద్దు చేసింది. ఏదేమైనా రాసేటప్పుడే "పోషణ చూసుకోవాలి" అని డీడ్‌లో స్పష్టంగా రాయించండి, తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. మా పెద్దమ్మ అసలు రాయనే లేదు.

మెయింటెనెన్స్ కోసం, అంటే పోషణకి పిల్లలు నెలనెలా ఇవ్వాల్సిన డబ్బు కోసం కూడా ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు, లాయర్ అక్కర్లేదు, పెద్దవాళ్ళు రాలేకపోతే వాళ్ళు ఒప్పుకున్న మనిషి పెట్టొచ్చు, నెలకి 10,000 దాకా ఇప్పించొచ్చు. కోర్టు దాకా పోవాల్సి వస్తే ప్రభుత్వ లీగల్ ఎయిడ్ నంబర్ 15100, ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా లీగల్ ఎయిడ్ ఫ్రీ.

ఈ ఏడాదిన్నరలో 14567కి ఐదారు సార్లు చేసుంటా. పోయిన డబ్బు మాత్రం రాలేదు, అర్జీ పెడదామంటే పెద్దమ్మ ఇప్పటికీ వద్దంటుంది, నేను బలవంతం చేయట్లేదు. అన్నయ్య రెండు నెలలు మాట్లాడలేదు, తర్వాత ఉగాదికి వచ్చాడు. పెన్షన్ పడగానే ఆవిడే ఆటో ఎక్కి వెళ్ళి తెచ్చుకుంటోంది, మాత్ర మొత్తం వేసుకుంటోంది.