ఈమాక్స్‌లో పాత మెయిల్ దొరకడం లేదా? ఎమ్‌యూ4ఈ మేలా, నాట్‌మచ్ మేలా?

ఈమాక్స్ అనే ఎడిటర్లోనే మెయిల్ చదివి, వెతుక్కునే రెండు పద్ధతులు ఎమ్‌యూ4ఈ, నాట్‌మచ్. ఎమ్‌యూ4ఈ అడుగున నడిచే ప్రోగ్రాము ఎమ్‌యూ. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పనిచేసే తెలుగువారి మెయిల్‌లో మూడు లిపులు కలగలిసి ఉంటాయి. జిల్లా ఆఫీసు ఉత్తరం ఒడియాలో, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేది తెలుగులో, బ్యాంకుది ఇంగ్లీషులో. పర్లాకిమిడి పేరునే ఇంగ్లీషులో ఒకరు పర్లాకిమిడి అని, ఇంకొకరు పారలాఖెముండి అని రాస్తారు. అందుకని వెతికితే ఏమీ రానప్పుడు పాడైంది ప్రోగ్రామా, తప్పింది మనం కొట్టిన మాటా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఈమాక్స్ పక్కన పెట్టి, అదే మాటను కమాండ్లు కొట్టే టెర్మినల్‌లో 'ఎమ్‌యూ ఫైండ్'తోనో 'నాట్‌మచ్ సెర్చ్'తోనో వెతకండి. అక్కడ దొరికితే ఇండెక్సు (వెతకడానికి కట్టుకున్న మాటల పట్టిక) బాగానే ఉంది, లోపం ఈమాక్స్ సెట్టింగులది. అక్కడా లేకపోతే ఆ మెయిల్ డిస్కు మీదకి దిగిందో లేదో చూడాలి. ఈ రెండూ మెయిల్ తెచ్చిపెట్టవు. ఎంబీసింక్ లాంటి ప్రోగ్రాము సర్వర్ నుంచి దించిన మెయిల్‌డిర్‌ని (ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలుగా ఉండే ఫోల్డర్‌ని) చదువుతాయంతే. రెండింటి అడుగునా ఉన్నది జేపియన్ అనే వెతుకులాట ఇంజనే కాబట్టి, ఎంచుకోవడానికి వేగం కాదు, చెడిపోతే ఏం పోతుందన్నదే చూడాలి.

ఎమ్‌యూ4ఈలో ఎక్కువగా తగిలేది తాళం (లాక్) తగాదా. ఈమాక్స్ లోపల ఎమ్‌యూ సర్వర్ నడుస్తుండగా టెర్మినల్‌లో 'ఎమ్‌యూ ఇండెక్స్' కొడితే, డేటాబేసు తాళం దొరకలేదని ఆగిపోతుంది. ఎమ్‌యూ4ఈ మూసేసి మళ్లీ కొడితే చాలు. రెండోది వెర్షను తేడా: ఎమ్‌యూని కొత్తది చేసి, ఈమాక్స్‌కి పాత లిస్పు (ఈమాక్స్ కోడు) ఫైళ్ల దారే వదిలేస్తే అసలు మొదలవ్వదు. మూడోది, ఫలితాలు మామూలుగా 500 దగ్గర ఆగుతాయి. ఆ పరిమితిని మైనస్ 1 చేస్తే అన్నీ వస్తాయి. అన్నీ చూశాక కూడా కుదరకపోతే క్యాషె ఫోల్డర్లోని ఎమ్‌యూ డేటాబేసు తీసేసి, మెయిల్‌డిర్ దారి, మీ అడ్రసులు ఇచ్చి 'ఎమ్‌యూ ఇనిట్', తర్వాత 'ఎమ్‌యూ ఇండెక్స్'. పోయేది కొంత సమయమే, మెయిల్‌కి ఏమీ కాదు.

నాట్‌మచ్‌లో ఆ ధైర్యం చెయ్యకూడదు. మీరు పెట్టుకున్న ట్యాగులు (మెయిల్‌కి తగిలించిన గుర్తుపేర్లు) దాని డేటాబేసులోనే ఉంటాయి, మెయిల్ ఫైళ్లలో ఉండవు. ముందు 'నాట్‌మచ్ డంప్'తో వాటిని ఫైల్లోకి తీసుకుని, కొత్త ఇండెక్సు కట్టాక 'రిస్టోర్' చెయ్యాలి. ఇంకో చిక్కు: స్పామ్, డిలీటెడ్ ట్యాగులున్న మెయిల్స్‌ని వెతుకులాటలోంచి మామూలుగానే తప్పిస్తుంది. పొరపాటున స్పామ్ ట్యాగు పడిన ఉత్తరం డిస్కు మీద ఉండీ కనపడదు. ఆ ట్యాగు పేరుతోనే వెతికితే బయటపడుతుంది. మెయిల్ కనిపించీ తెరుచుకోకపోతే, ఎంబీసింక్ ఫైలు పేరు మార్చి ఉంటుంది. 'నాట్‌మచ్ న్యూ' కొట్టాలి.

ఒక్క లాప్‌టాప్, ట్యాగుల అలవాటు లేకపోతే ఎమ్‌యూ4ఈయే మా సలహా. ట్యాగులతో ఫైళ్లు నడిపేవారికి నాట్‌మచ్. ఊరి పేరు రకరకాలుగా రాసేచోట రెండింటిలోనూ ఒక వెసులుబాటు ఉంది: సబ్జెక్టులో రెండు ఏటవాలు గీతల (/) మధ్య రెగెక్స్ (అక్షరాల నమూనా) ఇస్తే రెండు మూడు స్పెల్లింగులు ఒకేసారి పట్టుకోవచ్చు. ఈమాక్స్‌తోపాటే వచ్చే గ్నస్ అనే మెయిల్ ప్రోగ్రాముతో సర్వర్లోనే వెతికించడం కూడా ఉంది కానీ నెట్ లేకపోతే పని జరగదు.

తెలుగు మాటల దగ్గర రెండింటిదీ ఒకటే ఇబ్బంది. 'బిల్లు' అని వెతికితే 'బిల్లుకి', 'బిల్లులో' రావు. చివర నక్షత్రం గుర్తు (*) పెట్టి 'బిల్లు*' అనాలి. అయినా 'ఇల్లు*' అంటే 'ఇంటి పన్ను' తగలదు, మొదలే మారిపోయింది కదా. 'ఇంటి*' అని విడిగా అడగాలి. నక్షత్రం గుర్తు మాట చివరే పనిచేస్తుంది, ముందు కాదు.

స్కాన్ చేసి పంపిన ఒడియా ఆర్డరు పీడీఎఫ్ లోపలి మాటలు రెండూ చదవవు. జోడించిన ఫైలు పేరుతోనే వెతకాలి: ఎమ్‌యూలో 'ఫైల్', నాట్‌మచ్‌లో 'అటాచ్‌మెంట్'. ఆ పేరు వట్టి స్కాన్ 001 అయితే, జవాబు రాసేటప్పుడే సబ్జెక్టులో ఫైలు నంబరు చేర్చండి.