పది రోజుల విపశ్యనా? ఎనిమిది వారాల ఎంబీఎస్‌ఆరా?

ఒకే దిగులు బుర్రలో గానుగెద్దులా తిరుగుతోందని చెబితే, ఎవరో ఒకరు విపశ్యన ధ్యాన శిబిరమో, ఎంబీఎస్‌ఆరో (మైండ్‌ఫుల్‌నెస్-బేస్డ్ స్ట్రెస్ రిడక్షన్, అంటే ధ్యానంతో ఒత్తిడి తగ్గించుకునే కోర్సు) సూచిస్తారు. రెండింటికీ మూలం బౌద్ధ ధ్యానమే.

ధ్యాన గురువు ఎస్.ఎన్. గోయెంకా పద్ధతి విపశ్యనకు ఇల్లు వదిలి వెళ్లాలి. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్త అనే ధ్యాన కేంద్రంలో 1976 నుంచి నేర్పుతున్నారు. తెల్లవారుజామున 4కే గంట కొడతారు. ఫోన్ లేదు, పుస్తకం లేదు, పక్కవాళ్లతో మాట లేదు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరినే గమనించాలి, ఆ తర్వాత ఒంట్లో కలిగే స్పర్శలను. రోజుకు దాదాపు పది గంటలు కూర్చోవడమే. మోకాళ్లు మొరపెడతాయి. ఫీజు లేదు, చివర్లో ఇష్టముంటే విరాళం.

ఎంబీఎస్‌ఆర్‌ని 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టారు, మందులకు లొంగని నొప్పులున్న రోగుల కోసం. వారానికో క్లాసు, రెండున్నర గంటలు. మిగతా రోజులు ఇంట్లో 45 నిమిషాల సాధన. మొదట్లోనే చేతిలో ఒక కిస్‌మిస్ పెడతారు. ముడతలు చూసి, వాసన పీల్చి, తీరిగ్గా నమలాలి. నవ్వొస్తుంది గానీ, గుప్పెడు ఒకేసారి నోట్లో వేసుకునే మనకు అదే పెద్ద పరీక్ష. ఆన్‌లైన్‌లోనూ ఉంది, ఫీజే కాస్త బరువు.

ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్లకైతే నా ఓటు రెండోదానికే. బాస్ మెయిల్ చూసి గుండె దడదడలాడిన సాయంత్రమే కూర్చుని సాధన చేయొచ్చు. డిప్రెషన్‌కు మందులు వాడుతున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా పది రోజుల మౌనానికి వెళ్లొద్దు. దరఖాస్తులో ఆరోగ్యం గురించి అడుగుతారు, అక్కడ ఏదీ దాచొద్దు.