జాగ్రత్త: "మన బ్యాండ్ ఖాయం బ్రో" అన్న మాట నమ్మి టికెట్ కొనేవాళ్లకి

సమ్మర్ మ్యూజిక్ ఫెస్టివల్ సీజన్ దగ్గరపడితే చాలు, అసలు లైనప్ (ఏయే బ్యాండ్లు వస్తున్నాయన్న అధికారిక జాబితా) రాకముందే పోస్టర్లు తిరగడం మొదలవుతుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బ్యాండ్ సంతకం పెట్టిందో లేదో తెలియదు గానీ ఏ రోజు, ఏ స్టేజీ, ఎన్నింటికి అన్నది కూడా మనవాళ్లు తేల్చేస్తారు. నేనూ ఆ బాపతే. నాలుగేళ్లుగా ఈ ఊహాగానాల్లో మునిగి తేలుతున్నాను, భలే సరదా. ఈసారి ఆ సరదాకి రెండు టికెట్ల డబ్బు సమర్పించుకున్నాను, అదీ అసలు ధరకి రెండున్నర రెట్లు.

బ్యాండ్ రాలేదు. అది నా ఖర్మ అనుకోవచ్చు. టికెట్లు కూడా రాలేదు. ఈ పోస్టు అందుకు.

ఫెస్టివల్ పేరు రాయడం లేదు, ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. అమ్మినవాడి పేరూ రాయను. వాడి ఖాతా పేరు నెలకోసారి మారుతుంది, రాసినా మీకు పనికిరాదు. పద్ధతి మాత్రం మారదు, అది గుర్తుపట్టండి.

ముందు మనల్ని మనం ఎలా మోసం చేసుకుంటామో చెప్తా, ఎందుకంటే అమ్మేవాడి పని సగం అక్కడే అయిపోతుంది. మా బ్యాండ్, అంటే నేను పిచ్చి ఫ్యాన్‌ని అయిన బ్యాండ్, టూర్ తేదీలు వచ్చాయి. బుధవారం ఒక ఊళ్లో షో, దాని తర్వాతది వచ్చే మంగళవారం. మధ్యలో శుక్ర, శని, ఆదివారాలు ఖాళీ. ఫెస్టివల్ సరిగ్గా ఆ మూడు రోజులే. బుధవారం వాయించే ఊరి నుంచి ఫెస్టివల్ మైదానానికి లారీలు ఒక్క రాత్రిలో చేరిపోతాయి. ఇంకేం కావాలి? క్యాలెండర్ స్క్రీన్‌షాట్ తీసి, ఖాళీ చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి, తెలిసినవాళ్లందరికీ పంపాను. అదే వారం డ్రమ్మర్ ఒక ఫొటో పెట్టాడు, వెనకాల పొలం. పొలం! ఫెస్టివల్ జరిగేది పొలంలోనే కదా! ప్రపంచంలో ఇంకెక్కడా పొలాలే లేనట్టు, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఇప్పుడు చల్లబడ్డాక ఆలోచిస్తే, ఖాళీ అంటే ఖాళీ, అంతే. పెద్ద బ్యాండ్ స్టేజీ విప్పి, లారీలకెక్కించి, ఇంకో ఊళ్లో బిగించడానికే టైం పడుతుంది. పాడేవాడి గొంతుకి విశ్రాంతి కావాలి. ఎవరింట్లోనో పెళ్లి ఉండొచ్చు. చూడాల్సింది ఖాళీని కాదు, దానికి అటూ ఇటూ ఏముందో చూడాలి. పెద్ద ఫెస్టివళ్లు బ్యాండ్లతో రాసుకునే ఒప్పందాల్లో 'రేడియస్ క్లాజ్' అని ఒకటి ఉంటుంది. మా దగ్గర వాయించాలంటే ఫలానా దూరంలో, ఫలానా తేదీల మధ్య ఇంకెక్కడా వాయించకూడదు అని. 2018లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఒక ఫెస్టివల్ వాళ్లు, కాలిఫోర్నియాలో జరిగే పెద్ద ఫెస్టివల్ కోచెల్లా మీద కోర్టుకెళ్లినప్పుడు ఈ షరతు ఎంత గట్టిగా ఉంటుందో అందరికీ తెలిసింది: డిసెంబర్ 15 నుంచి మే 1 దాకా ఉత్తర అమెరికాలో ఇంకే ఫెస్టివల్‌లోనూ వాయించకూడదట. ప్రతి చోటా ఇంత కఠినంగా ఉండదు, కానీ లెక్క ఇదే. మరి మా బ్యాండ్? ఫెస్టివల్ అయిన ఆరు వారాలకి, ఆ పక్క ఊళ్లోనే, సొంత అరీనా షో పెట్టుకుంది. టికెట్లు అప్పటికే అమ్ముతున్నారు. రెండు వారాంతాలకి ఒకే ఊరి జనానికి టికెట్లు అమ్ముకునే పని ఎవరు పెట్టుకుంటారు? ఆ తేదీ నా స్క్రీన్‌షాట్‌లోనే ఉంది, ఎర్ర సున్నాకి నాలుగు వరుసల కింద. చూడలేదు అంటే అబద్ధం. చూశాను, 'ఆ, పర్లేదులే' అనుకున్నాను.

ఇలా నాకు నేనే వండుకుని కూర్చున్న టైంలో 'లోపలి మనిషి' తగిలాడు. బుకింగ్ ఆఫీసులో తనకి తెలిసినవాళ్లున్నారని చెప్పుకునే ఒక ఖాతా. పోయినేడాది ముగ్గురు హెడ్‌లైనర్లనీ (పోస్టర్ పై వరుసలో ఉండే పెద్ద పేర్లనీ) ముందే చెప్పాడని పెద్ద పేరు. నిజమే, ఆ మూడు పోస్టులూ తేదీలతో సహా ఉన్నాయి, నేనే చూశాను. డబ్బులు పోయాక మా ఫ్రెండ్ దగ్గరున్న పాత స్క్రీన్‌షాట్లు తీయించి చూస్తే తెలిసింది అసలు కిటుకు. ఆ చలికాలంలో వాడు 'ఖాయం' అంటూ పద్నాలుగు పేర్లు పెట్టాడు, ఒక్కో పేరుకి ఒక్కో పోస్టు. లైనప్ వచ్చిన రాత్రి పదకొండు తీసేశాడు. తప్పిన జోస్యాలు చెరిపేసుకుంటూ పోతే ఎవడైనా బ్రహ్మంగారే.

ఆ ఖాతా నుంచే 'లీక్ అయిన' పోస్టర్ వచ్చింది. అచ్చం ఫెస్టివల్ వాళ్ల రంగులు, వాళ్ల అక్షరాలు, శనివారం పై వరుసలో మా బ్యాండ్. మా చెల్లి ఫోన్ లాక్కుని, రెండు వేళ్లతో పెద్దది చేసి, అడుగు భాగం చూసింది. "అన్నయ్యా, ఈ స్పాన్సర్ పోయినేడాది వాళ్లు కదా? ఈసారి మారిపోయారుగా" అంది. నిజమే, ఫెస్టివల్ సైట్లో కొత్త స్పాన్సర్ లోగో అప్పటికే ఉంది. పోస్టర్‌లో పాతది. నేనేమన్నానో చెప్పమంటారా? "లీకయింది డ్రాఫ్ట్ కాపీ అయ్యుంటుంది లే." డిగ్రీ చదివిన మనిషిని, ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

టికెట్లు అమ్మినవాడు ఆ పోస్టు కిందే దొరికాడు. ఆ ఖాతా, ఈ అమ్మేవాడు ఒకడేనని నేను నిరూపించలేను. ఇద్దరూ ఒకే అక్షరాన్ని ఒకేలా తప్పు రాస్తారు, అంతవరకు చెప్పగలను.

వాడి మాటలు ఇలా ఉండేవి: "బ్రో, లైనప్ వచ్చిందంటే ధర నాలుగింతలు అయిపోద్ది. నాకు తొందరేం లేదు. ఇంకో ఇద్దరు అడుగుతున్నారు. ఫ్యాన్‌వి కదా అని ముందు నీకే చెప్తున్నా." బేరం ఆడబోతే, "వద్దులే బ్రో, ఇంకొకళ్లకి ఇచ్చేస్తా" అన్నాడు. నేనే బతిమాలుకున్నాను! డబ్బులు పేపాల్‌లో 'ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ' కింద పంపమన్నాడు, లేదంటే కమిషన్ పోతుందని. అలా పంపితే కొనేవాళ్లకిచ్చే రక్షణ వర్తించదు. అది వాడికి తెలుసు. నాకూ ఎక్కడో చదివిన గుర్తు. పంపేశాను. బదులుగా ఒక ఆర్డర్ స్క్రీన్‌షాట్ వచ్చింది, పేరు దగ్గర నల్లగా పూసి. "టికెట్ ట్రాన్స్‌ఫర్ ఫెస్టివల్‌కి పది రోజుల ముందు ఓపెన్ అవుద్ది, అప్పుడు పంపిస్తా." ఇందులో కనీసం ఒక ముక్క నమ్మేటట్టే ఉంది, చాలా ఫెస్టివళ్లలో ట్రాన్స్‌ఫర్ ఆలస్యంగానే తెరుస్తారు. అబద్ధాన్ని నిజంలో చుట్టి ఇస్తే మింగడం తేలిక.

లైనప్ అర్ధరాత్రి వచ్చింది. పై వరుస చూశాను. లేదు. రెండో వరుస. లేదు. మూడో రోజు చిట్టచివరి వరుస, చీమతలకాయంత అక్షరాలు, అక్కడ కూడా వెతికాను, స్టేడియాలు నింపే బ్యాండ్‌ని! తెల్లారేసరికి అవే టికెట్లు అసలు ధరకంటే తక్కువకి అమ్మకానికొచ్చాయి. ఎందుకంటే నాలాగే పుకారుకి కొన్నవాళ్లందరూ ఒకేసారి వదిలించుకుంటున్నారు.

వాడికి మెసేజ్ పెడితే వెంటనే జవాబు: "బ్రో, ఆదివారం టీబీఏ స్లాట్ ఉంది చూశావా? సీక్రెట్ సెట్!" టీబీఏ అంటే ఎవరు వాయిస్తారో తర్వాత చెప్తామని ఖాళీగా వదిలిన చోటు, సీక్రెట్ సెట్ అంటే ముందు పేరు చెప్పకుండా వచ్చి వాయించడం. నవ్వకండి. ఇంకో మూడు వారాలు దాన్ని పట్టుకుని వేలాడాను. ఎందుకంటే సీక్రెట్ సెట్లు నిజంగానే ఉంటాయి. ఇంగ్లండ్‌లో జరిగే పెద్ద ఫెస్టివల్ గ్లాస్టన్‌బరీ 2023 షెడ్యూల్‌లో శుక్రవారం పిరమిడ్ స్టేజీ (అక్కడి ప్రధాన వేదిక) మీద 'ద చర్నప్స్' అని ఎవరూ వినని పేరుంటే, అది ఫూ ఫైటర్స్ అన్న పెద్ద రాక్ బ్యాండ్ అని ఫ్యాన్స్ ముందే పట్టేశారు, వాళ్లే వచ్చారు. 2025లో 'ప్యాచ్‌వర్క్' అన్న పేరు వెనక బ్రిటిష్ బ్యాండ్ పల్ప్ ఉంది. ఇలా అప్పుడప్పుడు నిజమయ్యేవే మన కొంప ముంచుతాయి. కానీ ఒక తేడా గమనించండి. చర్నప్స్ ఎవరో ఊహించినవాళ్ల దగ్గర అప్పటికే టికెట్లున్నాయి. ఊహ తప్పితే వాళ్లకి పోయేదేమీ లేదు. నేను ఊహనే కొన్నాను.

ట్రాన్స్‌ఫర్ తెరిచే రోజు వచ్చింది. వాడు రాలేదు. మర్నాడు ఖాతా పేరు మారింది, ఆ మర్నాడు నన్ను బ్లాక్ చేశాడు. వాడి చేతిలో టికెట్లు ఎప్పుడూ లేవని నా అనుమానం. 'స్పెక్యులేటివ్ టికెట్లు' అని వీటికి ఒక పేరే ఉంది. తమ దగ్గర లేని టికెట్‌ని ముందే ఎక్కువ ధరకి అమ్మేయడం, తర్వాత ధర పడిపోతే చౌకగా కొని ఇవ్వడం, పడకపోతే చేతులెత్తేయడం. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రం 2024లో ఈ పద్ధతిని చట్టం చేసి మరీ నిషేధించింది. నా విషయంలో ధర పడింది కదా, కనీసం ఆ చౌక టికెట్లైనా కొని పంపొచ్చు. ఆ మాత్రం నీతి కూడా లేదు వెధవకి.

లైనప్ చూడకుండా టికెట్ కొనడమే తప్పు అని కొందరు క్లాసు పీకుతారు. నేనలా అనను. 2025 గ్లాస్టన్‌బరీ టికెట్లు 2024 నవంబర్‌లో దాదాపు 35 నిమిషాల్లో అయిపోయాయి, అప్పటికి లైనప్ రాలేదు. అక్కడ కొనాలంటే ముందే ఫొటోతో రిజిస్టర్ అవ్వాలి, టికెట్ మీద మన ఫొటో ఉంటుంది, ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. వెళ్లలేకపోతే తిరిగిచ్చేయాలి, వాటిని వాళ్లే వసంతంలో రీసేల్ పెడతారు. అలాంటి చోట గుడ్డిగా కొన్నవాళ్లు ఫెస్టివల్‌ని కొంటున్నారు. ఎవరొచ్చినా ఎండలో నిలబడి వింటాం అనుకునేవాళ్లు. ఒక్క బ్యాండ్ కోసం కొనేవాళ్లం, మనకి ఆ లెక్క పనికిరాదు.

ఆ మాటకొస్తే పేరు పోస్టర్ మీదికెక్కాక కూడా గ్యారంటీ లేదు. 2015లో ఫూ ఫైటర్స్ గాయకుడు డేవ్ గ్రోల్ స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ షోలో స్టేజీ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే గ్లాస్టన్‌బరీలో వాళ్ల బ్యాండ్ స్థానంలోకి ఫ్లారెన్స్ అండ్ ద మెషీన్ అన్న ఇంకో బ్యాండ్ వచ్చింది. 2017 కోచెల్లాలో బియాన్సే గర్భవతి కావడంతో తప్పుకుంటే లేడీ గాగా వచ్చింది. ఒక బ్యాండ్ తప్పుకుంటే డబ్బు వాపసు రాదని ఫెస్టివల్ నిబంధనల్లో మామూలుగా రాసే ఉంటుంది, 'లైనప్ మారవచ్చు' అన్న ఆ చిన్న వాక్యం దాని కోసమే. ప్రకటించిన బ్యాండ్ రాకపోతేనే దిక్కులేదు, ప్రకటించని బ్యాండ్ రాలేదని ఎవర్ని అడుగుతాం?

ఇక కొనక తప్పదనుకుంటే, ఫెస్టివల్ సైట్లోనే వాళ్ల సొంత రీసేల్ ఉందేమో చూడండి, ముందు అక్కడే కొనండి. టికెట్ పేరు మార్చడానికి కుదురుతుందా, ఏ తేదీ నుంచి, అన్నది నిబంధనల పేజీలో మీరే చదవండి, అమ్మేవాడి నోటితో వినకండి. స్క్రీన్‌షాట్‌ని టికెట్ అనుకోకండి. కొన్ని యాప్‌లలో బార్‌కోడ్ కొన్ని సెకన్లకోసారి మారుతుంది, నిన్నటి ఫొటో గేటు దగ్గర చెల్లదు. చేతికి కట్టే ఎంట్రీ పట్టీ పోస్టులో పంపే ఫెస్టివల్ అయితే అసలు స్క్రీన్‌షాట్‌కి అర్థమే లేదు. డబ్బు క్రెడిట్ కార్డు మీద పోతే వెనక్కి అడగడానికి ఒక దారైనా ఉంటుంది. 'ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ' అన్నాడా, అక్కడే ఆపేయండి. వాడు మీకు ఫ్రెండూ కాదు, ఫ్యామిలీ అంతకంటే కాదు.

నేను పేపాల్‌కి రాశాను, సైబర్ క్రైమ్‌లో ఫిర్యాదు కూడా పెట్టాను. డబ్బు వస్తుందన్న ఆశ పెద్దగా లేదు. వాడితో నడిచిన చాట్ మొత్తం దాచి ఉంచాను. మీలో ఇంకెవరికైనా ఇలాంటి 'పది రోజుల ముందు పంపిస్తా' అనుభవం ఉంటే మీ స్క్రీన్‌షాట్లు కూడా చెరిపేయకండి, ఒకే మనిషి మీద నాలుగు ఫిర్యాదులు కలిస్తే బరువు వేరు.

నిన్న మా చెల్లి ఒక లింకు పంపింది. వచ్చే ఏడాది ఫెస్టివల్ 'లీక్' పోస్టర్, కొత్త ఖాతా నుంచి. శనివారం పై వరుసలో మళ్లీ మా బ్యాండే. అడుగున చూస్తే, ఆ పాత స్పాన్సర్ లోగో ఇంకా అలాగే ఉంది.