మెంటర్‌లో గార్ఫీల్డ్ ఇల్లు, క్లీవ్‌లాండ్‌లో ఆయన సమాధి

ముందు ఇల్లు చూడండి, సమాధి తర్వాత. మేం తెలియక వెనకది ముందు చూశాం, అందుకే మొదటే చెప్తున్నా.

అమెరికాలో ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో లేక్ వ్యూ శ్మశానంలో అమెరికా ప్రెసిడెంట్‌గా చేసిన జేమ్స్ గార్ఫీల్డ్ స్మారకం ఉంది, 180 అడుగుల రాతి కట్టడం, బాల్కనీలోంచి దూరంగా ఈరీ సరస్సు కనిపిస్తుంది. కింద నేలమాళిగలో జెండా కప్పిన ఆయన శవపేటిక, పక్కన భార్య లుక్రీషియాది. పూడ్చకుండా అలా కళ్లెదుటే ఉంచారు. నాన్న మోకాళ్ల నొప్పులతో రెయిలింగ్ పట్టుకుని మెల్లగా దిగి, "ఎవరమ్మా ఈయన?" అన్నారు. ప్రెసిడెంట్, కాల్చి చంపారు అన్నాను, అంతకుమించి నాకూ తెలీదు.

ఆ రాత్రి దిగిన మోటెల్ మాత్రం వద్దు. హీటర్ తెల్లవార్లూ గడగడలాడింది, రెండుసార్లు ఫోన్ చేసినా ఎవరూ రాలేదు, టిఫిన్ అంటే బ్రెడ్డూ జామూ. పెద్దవాళ్లతో వెళ్తే క్లీవ్‌లాండ్‌లోనే ఉండిపోండి, మెంటర్ ఇరవై అయిదు మైళ్లే.

మెంటర్‌లోని ఇల్లు నేషనల్ పార్క్ సర్వీస్ అనే ప్రభుత్వ సంస్థది. రేంజర్ ఎంత ఓపిగ్గా చెప్పిందంటే నేను తెలుగులో నాన్నకు చెప్పడం అయ్యేదాకా ప్రతి గదిలో ఆగింది. 1880 ఎన్నికలప్పుడు జనం రైళ్లలో వస్తే ఆయన ప్రసంగాలు చేసింది ఈ వరండాలోంచే. నాన్న ముప్పై ఏళ్లు ప్లీడరు గుమాస్తా, అందుకే మిల్లిగన్ అనే ఆయన కేసు మాట రాగానే చెవులు రిక్కించారు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో జనరల్‌గా చేసిన గార్ఫీల్డ్, 1866లో తన మొట్టమొదటి కేసే సుప్రీంకోర్టులో వాదించాడు, అదీ ఆ ఉత్తరాది ప్రభుత్వం మీదే, మామూలు కోర్టులు నడుస్తుండగా మామూలు పౌరుణ్ణి మిలిటరీ కోర్టులో విచారించకూడదని. గెలిచాడు కూడా.

1881 జూలై 2న కాల్చారు, సెప్టెంబర్ 19న పోయారు. ఆ రెండున్నర నెలలూ డాక్టర్లు కడగని చేతులతో గాయాన్ని కెలికారట, చీము పట్టేసింది. అది వింటుంటే నాకు కడుపులో దేవేసింది. తర్వాత లుక్రీషియా ఇంటికి లైబ్రరీ కట్టించి, దానికి ఆనుకున్న చిన్న రాతిగదిలో ఆయన కాగితాలు భద్రం చేసింది. విక్టోరియా రాణి పంపిన పూలచక్రం మైనం పట్టించి అక్కడే ఉంచారు, రంగు పోయింది గానీ రేకులు రేకుల్లానే ఉన్నాయి. టైముంటే ఈ లైబ్రరీలోనే ఎక్కువసేపు గడపండి.

బయటికొచ్చాక నాన్న, "ఇంకోసారి ఆ సమాధి దగ్గరికి తీసుకెళ్తావా?" అన్నారు. వెనక్కి తిప్పాను. మెట్లు నొప్పే అయినా దిగారు, ఈసారి చెప్పులు విప్పి నిలబడ్డారు.