బ్రాడీపేట స్పైరల్ బుక్: స్టాటిస్టిక్స్ ప్రాక్టీసుకి తీసుకోండి, జడ్ టేబుల్ దగ్గర మాత్రం జాగ్రత్త

ఇంటర్ సెకండియర్, డిగ్రీ ఫస్టియర్ పిల్లలకి గుంటూరులో ట్యూషన్ చెబుతాను కాబట్టి కొత్త మెటీరియల్ ఏది వచ్చినా తెచ్చి చూస్తుంటాను. బ్రాడీపేటలో ఒక జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగుతో అమ్మే ప్రాబ్లమ్స్ బుక్ ఒకటి ఈ మధ్య మా పిల్లలందరి చేతా కొనిపించాను. రిటైరైన లెక్చరర్ ఒకాయన తయారుచేశారట. అట్ట మీద పేరు లేదు, లోపల కొన్ని పేజీలు చేతిరాతే, చూడగానే కొనాలనిపించదు. కానీ ప్రాబబిలిటీ డిస్ట్రిబ్యూషన్లు (ఏ ఫలితం ఎంత అవకాశంతో వస్తుందో చెప్పే నమూనాలు) ప్రాక్టీసు చేయడానికి ఇంతకంటే మంచిది ఇక్కడ నాకు దొరకలేదు.

కారణం ఒక్కటే, ఇందులో హెడ్డింగులు లేవు. మామూలు గైడ్లలో ‘పాయిజాన్’ (అరుదైన ఘటనలు ఎన్నిసార్లు జరుగుతాయో లెక్కగట్టే డిస్ట్రిబ్యూషన్) అని పైన పెద్దగా వేసి కింద వరసగా లెక్కలు ఇస్తారు, ఇక పిల్లలు ప్రశ్న చదవనే చదవరు, లాంబ్డా (దాని సగటు) ఎక్కడుందో వెతికి ఫార్ములాలో పడేస్తారు. పరీక్షలో ఆ హెడ్డింగ్ ఉండదు, అక్కడ మొదలవుతుంది టెన్షన్. "మేడమ్, ఇది బైనామియలా పాయిజానా?" అని నన్ను అడగని పిల్లలు లేరు (ప్రతిసారీ అవకాశం మారకుండా ఒకే పని ఇన్నిసార్లు చేస్తే ఎన్నిసార్లు ఫలిస్తుందో చెప్పేది బైనామియల్). ఈ బుక్కులో అన్నీ కలిపేశారు, ఏ డిస్ట్రిబ్యూషనో తేల్చుకోకుండా పెన్ను కదలదు.

ఒక పేజీలో పక్కపక్కనే రెండు లెక్కలున్నాయి. పెట్టెలో 10 బల్బులు, వాటిలో 3 పాడైనవి, 4 తీస్తే ఒక్కటి కూడా పాడైనది రాకుండా ఉండే అవకాశమెంత? మొదటి లెక్కలో తీసిన బల్బు చూసి మళ్లీ పెట్టెలో వేస్తాం, రెండోదాంట్లో వేయం. తేడా అంతే, మిగతాదంతా అక్షరం మారదు. మొదటిది బైనామియల్, 0.7ని నాలుగుసార్లు వేసి గుణిస్తే 0.2401. రెండోదాంట్లో ఒక్కో బల్బు తీసేకొద్దీ అవకాశం మారిపోతుంది కాబట్టి బైనామియల్ కుదరదు, 7 మంచివాటిలోంచి 4 ఎంచుకునే విధాలు 35, మొత్తం 10లోంచి అయితే 210, అంటే ఆరో వంతు, 0.1667. ఈ రెండూ చేశాక మా పిల్లలు ప్రశ్నలో ‘తిరిగి ఉంచి’ అన్న మాట కింద వాళ్లంతట వాళ్లే గీత గీయడం మొదలుపెట్టారు.

మన మిర్చి యార్డు లెక్క కూడా ఉంది. 100 టిక్కీలు (మిర్చి బస్తాలు), తేమ ఎక్కువై ఒక్కో టిక్కీని పక్కన పెట్టే అవకాశం 2 శాతం, అన్నీ పాసయ్యే అవకాశమెంత అని. బైనామియల్‌తో చేస్తే 0.1326, లాంబ్డా 2 తీసుకుని పాయిజాన్‌తో చేస్తే 0.1353. రెండు రకాలుగానూ చేయమన్నారు, అది చాలా మంచి పని, ఎన్ (ఇక్కడ టిక్కీల సంఖ్య) పెద్దదై పి (ఒక్కోదాని అవకాశం) చిన్నదైతే పాయిజాన్ ఎందుకు వాడొచ్చో పిల్లలు కళ్లారా చూస్తారు.

నాకు బాగా నచ్చింది మాత్రం గుర్రాల లెక్క. 1898లో బోర్ట్‌కీవిచ్ అనే స్టాటిస్టిక్స్ నిపుణుడు ప్రచురించిన నిజం డేటా, ప్రష్యా సైన్యంలో గుర్రాలు తన్ని చనిపోయినవాళ్లది. పది దళాలకి 20 ఏళ్ల లెక్కలు, అంటే 200 పరిశీలనలు, మొత్తం 122 మరణాలు, సగటు 0.61. ఒక్క మరణం కూడా లేనివి పాయిజాన్ ప్రకారం 108.7 రావాలి, నిజంగా వచ్చినవి 109. ఒక్క మరణం ఉన్నవి 66.3 రావాల్సిన చోట 65. ఎప్పుడూ మొద్దుగా కూర్చునే పిల్లాడు కూడా ఆ లెక్క దగ్గర "నిజంగానే ఇంత దగ్గరగా వచ్చిందా!" అన్నాడు.

ఇక లోపాలు. వెనక ఇచ్చిన జడ్ టేబుల్ (ఒక విలువ సగటుకి ఎన్ని ప్రామాణిక విచలనాల దూరంలో ఉందో చెప్పే జడ్‌ని బట్టి, నార్మల్ డిస్ట్రిబ్యూషన్ గంట ఆకారపు గీత కింది వైశాల్యాన్ని, అంటే అవకాశాన్ని చూసుకునే పట్టిక) 0 నుంచి జడ్ వరకు ఉండే వైశాల్యానిది, ఆ సంగతి పైన ఎక్కడా రాయలేదు. ఎడమ చివర నుంచి లెక్కపెట్టే టేబుల్‌కి అలవాటుపడ్డవాళ్లు దెబ్బతింటారు. టిక్కీ సగటు బరువు 45 కిలోలు, ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 1.5, బరువు 42 కంటే తగ్గే అవకాశమెంత అన్న లెక్కకి జడ్ మైనస్ 2. టేబుల్లో 2 దగ్గర 0.4772 ఉంటుంది, దాన్ని 0.5లోంచి తీసేస్తే 0.0228. మా ట్యూషన్లో చాలామంది 1లోంచి తీసేసి 0.5228 రాశారు. సగటు 45 అయినప్పుడు సగానికి పైగా టిక్కీలు 42 కంటే తక్కువ ఎలా తూగుతాయి? ఒక్క లైన్ రాసి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు, పిల్లలు సొంతంగా చేసుకునే పుస్తకంలో ఇది చిన్న విషయం కాదు.

జిరాక్స్ మీద జిరాక్స్ తీయడంతో కొన్ని పేజీల్లో పాయిజాన్ ఫార్ములాలోని ‘ఈ’ (సుమారు 2.718 అనే స్థిర సంఖ్య) పైనుండే మైనస్ గుర్తు చెరిగిపోయింది, లాంబ్డా లెక్కల్లో దాంతో జవాబు చాలాసార్లు 1 దాటిపోతుంది. చివర జవాబులే ఉన్నాయి, స్టెప్పులు లేవు, కాబట్టి సబ్జెక్టు అసలు వినని వాళ్లు దీంతో మొదలుపెట్టొద్దు. క్లాసులో విని, ఫార్ములాలు వచ్చి, ఏది ఎక్కడ వాడాలో తెలియక ఆగిపోయేవాళ్లకైతే కళ్లు మూసుకుని కొనిపెట్టొచ్చు. ధర రెండొందల లోపే. తీసుకునే ముందు అక్కడే నిలబడి పాయిజాన్ పేజీలు తిప్పి చూడండి, మైనస్‌లు కనపడకపోతే అడగండి, వేరే కాపీ తీసిస్తున్నారు.