సివిలైజేషన్ 6: ఆ ఎర్ర గుర్తు కోసమే ఐదేళ్లుగా ఆడుతున్నాను

2020 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, ఎపిక్ స్టోర్ అనే ఆన్‌లైన్ గేమ్స్ దుకాణంలో సివిలైజేషన్ 6ని, అంటే టర్న్‌ల (వంతుల) వారీగా ఊళ్లు కట్టి రాజ్యం పెంచుకునే కంప్యూటర్ ఆటని, ఒక వారం పాటు ఉచితంగా ఇచ్చారు. అప్పుడు తీసుకున్నాను, ఇప్పటికీ వదల్లేదు. బొమ్మలు ఎలా ఉంటాయి, ఎన్ని దేశాలున్నాయి, ఎన్ని రకాలుగా గెలవొచ్చు అనేవి ఎక్కడైనా దొరుకుతాయి. నేను రాయాలనుకున్నది బార్బేరియన్ల (ఏ దేశానికీ చెందని దోపిడీ గుంపుల) స్కౌట్, అంటే వేగులవాడి గురించి. ఈ ఆటలో అన్నిటికంటే నాకు నచ్చింది వాడే.

వాడు వచ్చి మనల్ని కొట్టడు. మన ఊరు కంటబడగానే వాడి నెత్తి మీద ఎర్రటి ఆశ్చర్యార్థకం వెలుగుతుంది. వెంటనే వెనక్కి తిరిగి తన క్యాంపుకి పరుగు తీస్తాడు. క్యాంపు చేరాడా, కొద్ది టర్న్‌లలోనే గుంపు మన మీద పడుతుంది. దారిలోనే చంపేశామా, ఆ దండు రాదు. చెప్పడానికి ఇంతే. కానీ మన కాల్బంటు, వారియర్, ఒక టర్న్‌లో రెండు గడులు నడుస్తాడు, స్కౌట్ మూడు. వెంటపడి పట్టుకోవడం కుదరదు, ముందే దారి కాసి ఉండాలి. ఊరు ఒక్కటే ఉన్నప్పుడు నాలుగు దిక్కులా కాయడానికి మనుషులు ఎక్కణ్ణుంచి వస్తారు?

పోయిన డిసెంబరులో ఆడిన ఒక ఆట చెబుతాను. మొదటి ఊరు కొండ మీద పడింది, దక్షిణాన నది. ఊళ్ల పేర్లు మార్చుకోవచ్చు కాబట్టి మా మేనల్లుడు పట్టుబట్టి దానికి బెజవాడ అని పెట్టించాడు. జనాభా రెండు కాగానే కొత్త ఊరు కట్టే సెట్లర్‌ని తయారు చేసి, తోడు ఎవరినీ ఇవ్వకుండా తూర్పుకి పంపాను. సెట్లర్ తయారైతే ఊళ్లో జనాభా ఒకటి తగ్గుతుంది. మూడో టర్న్‌లో అడవిలోంచి ఒక బార్బేరియన్ వారియర్ వచ్చి సెట్లర్‌ని పట్టుకుపోయాడు. మిగిలింది ఒక ఊరు, ఒక జనాభా, ఒక వారియర్, రాళ్లు రువ్వే ఒక స్లింగర్.

నాకు కనిపించిన క్యాంపు నది అవతల ఉంది. నది దాటి కొట్టేవాడికి బలం తగ్గుతుంది కదా అని వారియర్‌ని ఒడ్డునే నిలబెట్టాను. ఉత్తరం వైపు కన్నెత్తి చూడలేదు. "మావయ్యా, పైన ఎవడికో ఎర్ర గుర్తొచ్చింది" అన్నాడు మేనల్లుడు. చూసేసరికి ఆ స్కౌట్ మ్యాప్‌లో నాకు కనిపించని చీకట్లోకి వెళ్లిపోయాడు.

మా విజయవాడ సింగ్‌నగర్ వాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబర్ 1న ఊరంతా ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ఎంత పెరిగిందని అడుగుతుంటే, మా ఇళ్లలోకి నీళ్లు వెనక నుంచి, బుడమేరు వాగు నుంచి వచ్చాయి. ఆటలో ఆ ఉత్తరం వైపు చూసినప్పుడు కడుపులో తిప్పింది నిజంగా.

ఉత్తరాన ఉన్న క్యాంపు గుర్రాల దగ్గర వెలిసింది. అలాంటి చోటి నుంచి వచ్చేవాళ్లు గుర్రాల మీదే వస్తారు. ఇద్దరు రౌతులు, గుర్రం మీద విలుకాడు ఒకడు, వెనక ఒక వారియర్. ముందు పొలం పాడు చేశారు, తర్వాత గని. గోడ కడదామంటే 80 ఉత్పత్తి కావాలి, మా ఊరు టర్న్‌కి 5 ఇస్తోంది. గోడ లేని ఊరు తనంతట తాను బాణం వేయలేదు.

సరిగ్గా అప్పుడే ఒక సివిక్ (పాలన, సంస్కృతి వైపు పరిశోధన) పూర్తయి పాలసీ మార్చుకునే వీలు దొరికింది. 'సర్వే' తీసేసి 'డిసిప్లిన్' పెట్టాను. బార్బేరియన్లతో పోరాడేటప్పుడు బలం 5 పెరుగుతుంది. 20 బలం ఉన్న వారియర్‌కి అది చిన్న సాయం కాదు. వాణ్ణి వెనక్కి పిలిచి ఊరి పక్క గుట్ట మీద కోట కట్టినట్టు కూర్చోబెట్టాను, స్లింగర్‌ని ఊరి లోపల పెట్టాను. లోపలున్నవాడి మీద దెబ్బ పడదు, ఊరి మీదే పడుతుంది. 200 ఉన్న ఊరి ఆరోగ్యం 41కి దిగింది. మా అక్క పడుకోమని రెండుసార్లు పిలిచింది, మేనల్లుడు కదలడే.

వాళ్ల వారియర్ నా వారియర్‌ని కొట్టీ కొట్టీ తానే చిక్కిపోయాడు. స్లింగర్ రాయితో వాడి ప్రాణం తీశాడు. స్లింగర్ చేత ఒక శత్రువు చస్తే విలువిద్య పరిశోధనలో పెద్ద భాగం తగ్గిపోతుంది. నాలుగు టర్న్‌లలో అది పూర్తయింది. దాచిన బంగారం పెట్టి వాణ్ణే ఆర్చర్‌గా మార్చాను. ఇక రెండు గడుల దూరం నుంచి బాణాలు. చివరి విలుకాడు గీత మాత్రం మిగిలిన ప్రాణంతో గుర్రం తిప్పుకుని పారిపోతుంటే, మా బాణం అంచున తగిలింది. మేనల్లుడు మంచం మీద నుంచి దూకాడు.

అసలు సంతోషం తర్వాత వచ్చింది. వారియర్‌కి మన హద్దుల్లో టర్న్‌కి 15 చొప్పున గాయం మానేదాకా ఆగి, ఇద్దర్నీ తీసుకుని ఆ క్యాంపు మీదికి వెళ్లాను. అక్కడ నా సెట్లర్ ఉంది. పోయిందనుకుని లెక్కలోంచి తీసేసిన మనిషి! క్యాంపు కూల్చి తీసుకొచ్చి రెండో ఊరు కట్టాను. పేరు గుంటూరు.

మొదటి ఏడాది అందరికీ ఈ బార్బేరియన్ల కోసమే కొనుక్కోమని చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఆ టెన్షన్ మొదటి 60, 70 టర్న్‌ల వరకే. ఇద్దరు ఆర్చర్లు, ఒక గోడ వచ్చాయంటే వాళ్లు ఈగల్లాంటివాళ్లే. మ్యాప్‌లో చీకటి మూలలు పోయాక కొత్త క్యాంపులు కూడా పుట్టవు. ఇంకోటి, గుర్రాల క్యాంపు పక్కనే పడితే ఎంత తెలివిగా ఆడినా ఊరు నిలవకపోవచ్చు. నేను అలా మూడు ఆటలు మధ్యలో వదిలేశాను. చివరి దశలో నా పాత ల్యాప్‌టాప్ మీద ఒక్కో టర్న్ చాలా సేపు తీసుకుంటుంది, మే నెల ఎండల్లో అయితే చెయ్యి పెట్టలేం.

నాది ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపులో లెక్కల పని. ఇంటికొచ్చి అన్నం తినేసరికి తొమ్మిదిన్నర. ఎవరైనా పిలిస్తే లేచి వెళ్లినా ఆట నా కోసం ఆగే ఉంటుంది, అది నాకు పెద్ద సౌకర్యం. చేతివేగంతో ఆడే ఆటలు ఇష్టమైనవాళ్లకి ఇది నచ్చుతుందని చెప్పలేను. 2025 ఫిబ్రవరిలో ఏడో భాగం వచ్చింది, అందులో బార్బేరియన్ల స్థానంలో స్వతంత్ర శక్తులని వేరే ఏర్పాటు ఉంది. అది ఇంకా కొనలేదు. మేనల్లుడు ఆదివారం ఒక ఊరుతోనే చివరిదాకా ఆడదామంటున్నాడు. ఉత్తరం వైపు కాపలా తనదేనట.